చర్చి స్థలం ఎవరి పేరున ఉంది? (పాఠకుల ప్రశ్నలు – న్యాయ సలహాలు)

ప్రశ్న: మా ఊరి చర్చికి 1998లో సంఘ పెద్ద ఒకాయన ఐదు సెంట్లు ఇచ్చారు. స్టాంపు కాగితం మీద దానపత్రం రాశారు గానీ రిజిస్టరు చేయించలేదు. ఆయన చనిపోయారు. ఇప్పుడు మనవలు ఖాళీ చేయమంటున్నారు. మత స్వేచ్ఛ హక్కు కింద హైకోర్టుకు వెళ్లవచ్చా?

జవాబు: వెళ్లినా ఫలితం ఉండదు. రాజ్యాంగం 25, 26 అధికరణాలు ప్రధానంగా ప్రభుత్వం జోక్యం చేసుకోకుండా ఇచ్చిన రక్షణ. 26(సి) కింద మతశాఖ ఆస్తి సంపాదించుకోవచ్చు, ఉంచుకోవచ్చు. ఈ ఐదు సెంట్లు మీవా, మనవలవా అన్నది మాత్రం సివిల్ కోర్టే తేల్చాలి.

ఇక దానపత్రం సంగతి. ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దానానికి రిజిస్టరు దస్తావేజు, ఇద్దరు సాక్షులు తప్పనిసరి. విలువ ఎంత తక్కువైనా మినహాయింపు లేదు. ముస్లింల హిబాను (వారి మత చట్టం ప్రకారం చేసే దానాన్ని) 129వ సెక్షన్ దీనినుంచి తప్పించింది. క్రైస్తవులకు ఆ వెసులుబాటు లేదు. కాబట్టి మీ కాగితం ఒక్కటే మీకు హక్కు కల్పించదు.

అలాగని దాన్ని పారేయకండి. చెల్లని దానం ద్వారానైనా స్థలంలోకి వచ్చి, సొంతదారుల్లా, బహిరంగంగా, అంతరాయం లేకుండా పన్నెండేళ్లు అనుభవిస్తే లిమిటేషన్ చట్టం 65వ ఆర్టికల్ కింద అసలు యజమాని దావా వేసే గడువు తీరిపోతుంది. దీన్నే ప్రతికూల స్వాధీనం అంటారు. 2019లో రవీందర్ కౌర్ గ్రేవాల్ కేసులో సుప్రీంకోర్టు అలా అనుభవించినవారు ఈ హక్కుతో తామే వాదిగా దావా కూడా వేయవచ్చని తేల్చింది. మీరు ఏ హోదాలో అక్కడికి వచ్చారో చూపడానికి రిజిస్టరు కాని దానపత్రం పనికొస్తుంది. స్టాంపు డ్యూటీ తక్కువగా ఉంటే కోర్టు దాన్ని ఆపేస్తుంది. లోటు సొమ్ము, దానిమీద పది రెట్ల వరకు జరిమానా కడితేనే సాక్ష్యంలోకి తీసుకుంటుంది. ఆ ఖర్చుకు ముందే సిద్ధపడండి.

చాలా సంఘాలు ఓడిపోయేది లాయరు నోటీసుకు ఇచ్చే జవాబు దగ్గరే. వినయంగా ఉంటుందనుకుని ‘తమ తాతగారి అనుమతితో ఉంటున్నాము’ అని రాస్తారు. అనుమతితో ఉన్నవారి స్వాధీనం ఎన్నేళ్లయినా ప్రతికూల స్వాధీనం కాదు. ‘ఫలానా తేదీన మాకు పూర్తిగా ఇచ్చేశారు, నాటి నుంచి సొంతంగా అనుభవిస్తున్నాము’ అన్నది నిజమైతే అదే రాయాలి. పంచాయతీ ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు, బాప్తిస్మపు, పెళ్లి రిజిస్టర్లు, ప్రారంభోత్సవపు ఫొటోలు, శిలాఫలకం... వీటిని ఏడాదుల వారీగా పేర్చండి. మధ్యలో ఖాళీ ఏళ్లు ఉంటే అవతలి లాయరు సరిగ్గా వాటినే పట్టుకుంటారు.

దావాలో ఇంజంక్షన్ (జోక్యం చేసుకోవద్దనే నిషేధ ఉత్తర్వు) ఒక్కటే అడిగి సరిపెట్టుకోవద్దు. అసలు హక్కుపైనే అనుమానం లేవనెత్తినప్పుడు డిక్లరేషన్ (హక్కు ఎవరిదో కోర్టు ప్రకటన) కూడా కోరాలని 2008లో అనాథుల సుధాకర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అన్నిటికంటే ముందు ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉందేమో చూసుకోండి. పెద్దాయనకు అది ప్రభుత్వం ఇచ్చిన డి.పట్టా భూమి అయితే, 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం కింద ఆనాటి దానమే నిషిద్ధం. ప్రభుత్వ భూమిపై గడువు పన్నెండేళ్లు కాదు, ముప్పై ఏళ్లు. అక్కడ కోర్టులు ఇంకా కఠినంగా చూస్తాయి.

ప్రశ్న: కానుకల డబ్బుతో కొన్న స్థలం పాస్టరు గారి పేరున రిజిస్టరైంది. ఆయన తదనంతరం కొడుకు తన సొంత ఆస్తి అంటున్నాడు.

జవాబు: ఇలాంటి ఉత్తరాలే మాకు ఎక్కువగా వస్తున్నాయి. పాస్టరు నిజాయితీపరుడే కావచ్చు. దస్తావేజులో మాత్రం ఆయన పేరే ఉంది, వారసులకు అది చాలు. ‘డబ్బు మాది, పేరు ఆయనది’ అని మాత్రమే దావా వేస్తే బినామీ చట్టం 4వ సెక్షన్ అడ్డొస్తుంది. సంఘం తరఫున ధర్మకర్తలాగా ఆయన ఆ ఆస్తిని పట్టుకున్నారని దావా పత్రంలోనే స్పష్టంగా రాయించాలి, ఆ చట్టం ఇచ్చిన మినహాయింపు అదే. చందాల పుస్తకం, కొనుగోలు నాటి బ్యాంకు డ్రాఫ్టు, సంఘం తీర్మానం దీనికి ఆధారాలు.

ఇది ప్రజా ధార్మిక ట్రస్టు అని చూపగలిగితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద ఆసక్తి గల ఇద్దరు సభ్యులైనా జిల్లా కోర్టులో దావా వేయవచ్చు. ముందుగా కోర్టు అనుమతి తీసుకోవాలి. అది లేకుండా వేసిన దావా అక్కడికక్కడే కొట్టివేతకు గురవుతుంది. ట్రస్టుతో సంబంధం లేని ఆక్రమణదారుడి మీద ఈ సెక్షన్ పనిచేయదు, మామూలు హక్కు దావాయే వేయాలి.

పాస్టరు బతికి ఉన్న సంఘాలు ఇప్పుడే పని పూర్తి చేసుకోవచ్చు. 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురితో సొసైటీ రిజిస్టరు చేసి, ఆయనచేత దాని పేరిట రిజిస్టరు దస్తావేజు రాయించుకోండి. స్టాంపు ఖర్చు ఉంటుంది, తర్వాత నడిచే దావా ఖర్చు అంతకంటే చాలా ఎక్కువ. కార్యవర్గం జాబితాను జిల్లా రిజిస్ట్రారుకు ఏటా దాఖలు చేయడం మరవకండి. ఎవరు పదవిలో ఉన్నారో తేలకపోతే బ్యాంకు ఖాతా ఆగుతుంది, దావాలో సంతకం పెట్టే మనిషి కూడా ఉండడు.

ప్రశ్న: రోడ్డు వెడల్పు పేరుతో మా ప్రార్థనా మందిరం ముందు భాగం తీసుకుంటామంటున్నారు. మైనారిటీల ఆస్తి తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవచ్చు. ఆస్తి సేకరణను 26వ అధికరణం అడ్డుకోదని సుప్రీంకోర్టు 1970లోనే ఖాజామియాన్ వక్ఫ్ ఎస్టేట్స్ కేసులో తేల్చింది. అయితే చట్టపరమైన ప్రక్రియ లేకుండా తీసుకోవడాన్ని రాజ్యాంగం 300-ఏ అధికరణం ఒప్పుకోదు. 2013 భూసేకరణ చట్టం కింద ప్రాథమిక నోటిఫికేషన్ వస్తే అరవై రోజుల్లో అభ్యంతరాలు రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. నోటి మాటతో గోడ కూల్చడానికి వస్తే మాత్రం అప్పుడు హైకోర్టు రిట్ సరైన దారి. మొదటి పాఠకుడికి వద్దన్న తలుపు, ఎదురుగా ఉన్నది ప్రభుత్వం కాబట్టి, మీకు తెరిచే ఉంది.