పాత ఫియట్‌లో ‘ఒరిజినల్’ భాగాలకు ఎంత చెల్లించాలి?

ప్రశ్న: నా వయసు 47. తార్నాకలో ఉంటాం. 12 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ తప్ప వేరే పొదుపు లేదు. అమ్మాయి వచ్చే ఏడాది ఇంజినీరింగులో చేరుతుంది. 1968 మోడల్ ఫియట్ 1100 ఒకటి 6 లక్షలకు అమ్మకానికి వచ్చింది. భాగాలన్నీ ఒరిజినలేనని, ధర ఏటా పెరుగుతుందని యజమాని చెబుతున్నారు. డిపాజిట్ తీసి కొనవచ్చా?

జవాబు: ఆ డిపాజిట్ అమ్మాయి ఫీజులకు, ఇంటి అత్యవసరాలకు ఉన్న ఏకైక ఆధారం కనుక దాన్ని కదపవద్దు. విడిగా కూడబెట్టిన డబ్బుతో కొంటామంటే అభ్యంతరం లేదు గానీ, దాన్ని పెట్టుబడి అనుకోకుండా సరదా ఖర్చుగా రాసుకోండి.

ఇక ‘ఒరిజినల్’ అన్న మాట సంగతి. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారు చేసిన ఈ కారు బాడీయే చిన్న చిన్న మార్పులతో ప్రీమియర్ పద్మిని కారుగా 1990ల చివరి దాకా వచ్చింది కాబట్టి, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరికే పద్మిని సామాను చాలావరకు దీనికీ సరిపోతుంది. నడుపుకునేవారికి ఇది వరమే అయినా, అసలు భాగాల పేరిట అదనంగా డబ్బు ఇచ్చేవారికి ఇదే చిక్కు; ముందు గ్రిల్లు, లైట్లు, డాష్‌బోర్డు ఏ కాలానివో పాత ఫొటోలతో పోల్చి చూడనిదే తేలదు. బయానా ఇచ్చే ముందే ఫియట్లు తెలిసిన మేస్త్రీని తీసుకెళ్లి, ఛాసిస్, ఇంజిన్ నంబర్లను ఆర్సీతో అక్షరం అక్షరం సరిచూడండి. నంబరు చెక్కిన చోట రేకు గీకినట్టున్నా, అక్కడ మాత్రమే కొత్త రంగు మెరుస్తున్నా బేరం ఆపేయండి. తలుపుల అడుగున, చక్రాల పైన అయస్కాంతం పెట్టి చూస్తే రేకు ఎక్కడుందో, పుట్టీ ఎక్కడుందో తెలిసిపోతుంది. అప్పట్లో పెట్రోలు ఖర్చు భరించలేక చాలామంది డీజిల్ ఇంజిన్ వేయించుకున్నారు. ఆ మార్పు ఆర్సీలో నమోదు కాకపోతే పేరు మార్పిడి దగ్గరా, బీమా క్లెయిము దగ్గరా ఇబ్బంది తప్పదు.

2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు లేని వాహనాన్నే వింటేజ్‌గా నమోదు చేస్తారు. అలా నమోదైతే ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతుల వంటి పనులకే రోడ్డెక్కించాలి, రోజూ ఆఫీసుకు నడపకూడదు. మీకు ఆదివారం కుటుంబంతో ట్యాంక్‌బండ్ మీద తిరగాలని ఉంటే, మామూలు రిజిస్ట్రేషన్‌నే పునరుద్ధరించుకోవడం మేలని నా అభిప్రాయం.

పన్ను లెక్క చూసినా అదే మేలు. సొంతానికి వాడుకునే కారు మూలధన ఆస్తి (అమ్మితే లాభంపై పన్ను పడే ఆస్తి) కిందికి రాదు కనుక అమ్మితే వచ్చే లాభంపై పన్ను ఉండదు, నష్టమొస్తే దాన్ని వేరే లాభంలోంచి తీసేసుకునే వీలూ ఉండదు. అయితే 20 వేలకు కొన్న 1931 మోడల్ ఫోర్డును 21 లక్షలకు అమ్మిన ఒక కేసులో, సొంతానికి వాడినట్టు యజమాని రుజువు చేయలేదంటూ బాంబే హైకోర్టు 2023లో ఆ లాభంపై పన్ను వేయడాన్ని సమర్థించింది. మీ కారు విషయంలోనూ అదే జరిగితే, 24 నెలలు దాటాక అమ్మినా లాభంపై 12.5 శాతం కట్టాలి. ధర పెరుగుతుందని కవరు కప్పి దాచేవారికే ఈ ప్రమాదం ఎక్కువ. కాబట్టి పెట్రోలు, సర్వీసు బిల్లులను జాగ్రత్త చేయండి.

ధర విషయానికొస్తే, ముందుగా నడిచే కారుగా దాని విలువను మేస్త్రీ చేత కట్టించి, ఆపైన అడుగుతున్న మొత్తానికి పాత బిల్లులో, తొలినాటి పుస్తకమో, కొన్ననాటి ఫొటోలో ఆధారంగా చూపమనండి. అవి లేకపోతే ఆ అదనపు మొత్తాన్ని బేరంలోంచి తీసేయండి, ఎందుకంటే రేపు మీ దగ్గర కొనేవారూ అదే అడుగుతారు. అయిదేళ్లు దాటిన వాహనానికి బీమా విలువ కంపెనీతో మాట్లాడుకుని కుదుర్చుకునేదే కనుక, డబ్బు చేతులు మారకముందే ఎంతకు బీమా ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి.