వీడియో బాగుంటే సరిపోదు, అడిగితే పలికేవాళ్లు ఉండాలి

ఆన్‌లైన్ కోర్సులు కొందరు స్టూడెంట్లకి బాగా నచ్చుతాయి, కొందరు మధ్యలోనే వదిలేస్తారు, తేడా ఎక్కడుంది అని అడిగారు కదా. నేను రెండు రకాలూ చూశాను.

మొదటిది 2020లో. ఉప్పల్‌లో రెండు గదుల ఇల్లు, లాక్‌డౌన్‌తో బీటెక్ క్లాసులన్నీ ఫోన్‌లోకి వచ్చేశాయి. వంటింట్లో కుక్కర్ విజిల్, పక్క గదిలో తమ్ముడి క్లాసు, సిగ్నల్ కోసం నేను డాబా మీద వాటర్ ట్యాంకు నీడలో. అయినా నా కోపం నెట్ మీద కాదు, దానికి సర్దుకుపోయాం. సార్ స్లైడ్లు చదువుకుంటూ పోయేవారు, డౌట్ అడిగితే గ్రూపులో పెట్టమనేవారు, పెడితే చూశారని తెలిసేది గానీ జవాబు మాత్రం వచ్చేది కాదు. ఇంటర్నల్స్ మార్కులు ఎలా వేస్తారో చివరిదాకా తెలీదు. అటెండెన్స్ పడగానే సగం మందిమి ఫోన్ పక్కన పడేసి పడుకునేవాళ్లం.

రెండోది 2022లో, ఎన్‌పీటెల్‌లో (ఐఐటీల ప్రొఫెసర్లు పాఠాలు చెప్పే ఆన్‌లైన్ వేదిక) 12 వారాల కోర్సు. వీడియోల్లో హంగేమీ లేదు, ప్రొఫెసర్ గారు రాస్తూ చెప్పుకుంటూ పోతారు, అంతే. కానీ మార్కుల లెక్క మొదటి రోజే తేలిపోయింది: వారానికో అసైన్‌మెంట్, పన్నెండులో బాగా వచ్చిన ఎనిమిదింటికి 25 మార్కులు, సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకి 75. రెండో వారంలో ఇంట్లో పెళ్లి వచ్చి అసైన్‌మెంట్ ఎగ్గొట్టినా టెన్షన్ పడలేదంటే ఆ రూలు పుణ్యమే.

నాలుగో వారంలో ప్రాక్టీసుకిచ్చిన ఒక లెక్క దగ్గర ఇరుక్కుపోయా. మూడు రోజులు తల బద్దలు కొట్టుకుని, చివరికి నోట్‌బుక్ పేజీ ఫోటో తీసి కోర్సు ఫోరంలో పెట్టా. మర్నాడు పొద్దున్నే టీఏ (ప్రొఫెసర్‌కి సాయంగా డౌట్లు తీర్చే టీచింగ్ అసిస్టెంట్) జవాబు: "మీ పద్ధతి కరెక్టే, మూడో లైన్లో మైనస్ జారిపోయింది, అక్కణ్ణుంచి మళ్లీ చేయండి." ఎక్కడో కూర్చున్న మనిషి కోడిగీతల్లాంటి నా రాత చదివి తప్పెక్కడో వేలు పెట్టి చూపించాడు చూశారూ, ఆ తర్వాత ఒక్క అసైన్‌మెంట్ వదల్లేదు.

అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్నవాళ్లకి తెలుసు, గది నిండా జనం, ఊపిరాడదు, అయినా క్లాసయ్యాక సార్‌ని మెట్ల మీద పట్టుకుని డౌట్ అడగొచ్చు. ఆన్‌లైన్‌లో ఆ మెట్లు లేకపోతే స్టూడియోలో తీసిన వీడియో ఇచ్చినా లాభం లేదు.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి, మొదటిది నెత్తిన పడింది, రెండోది నేను ఎంచుకున్నాను. ఆ తేడా కొంత ఉంటుంది.

ఇలాంటి కోర్సు మీ డిగ్రీలో లెక్కకి రావాలంటే క్రెడిట్ల సంగతి మాత్రం ముందే కనుక్కోండి. యూజీసీ 2021 నిబంధనల ప్రకారం సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు స్వయంలో (ఎన్‌పీటెల్ కోర్సులు కూడా ఉండే కేంద్ర ప్రభుత్వ పోర్టల్) చేయొచ్చు, కానీ కాలేజీ సరేననాలి. మా క్లాస్‌మేట్ ఒకడు పరీక్ష పాసయ్యాక ఆఫీసుకెళ్తే "ముందే లెటర్ పెట్టుకోవాలి కదా" అన్నారు. వాడు నాకంటే శ్రద్ధగా ఒక్క వీడియో వదలకుండా చూశాడు, ఇప్పుడడిగితే ఆ కోర్సు చెత్త అంటాడు.