నీ కథలో రెండోవాడు లేడు

తమ్ముడూ,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను, మొదటిసారి ఏకబిగిన, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. సప్పోరో స్టేషన్ బయట మంచులో నల్ల నేమ్‌ట్యాగ్ పెట్టుకున్న అమెరికన్ కుర్రాడు నీకు ఎదురొచ్చి జపాన్ భాషలో పలకరించడం, నువ్వు ఇంగ్లీషులో జవాబు చెప్పగానే వాడి మొహం తేటపడటం, ఆ రెండు పేజీలూ చాలా బాగా వచ్చాయి. వాటిని ముట్టుకోకు. మిగతాదంతా మళ్ళీ రాయాలి. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

మూడో పేజీలో ఆ కుర్రాడు, అదే మీ వాడు, రాత్రి పదకొండు గంటలకి తోయోహిరా నది ఒడ్డున ఒంటరిగా నడుస్తూ దేవుడి గురించి ఆలోచిస్తాడు. నా మటుకు కథ అక్కడే తెగిపోయింది. వాడు మోర్మన్ మిషనరీ, అంటే అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ సంఘం తరపున మతప్రచారానికి వెళ్ళినవాడు; అలాంటివాడు ఒంటరిగా నడవడు. రాత్రి పదకొండుకి అసలు బయటే ఉండడు, పదిన్నరకే లైటు తీసేస్తారు. ప్రచారంలో ఉన్న రెండేళ్ళూ వాడి పక్కన ఇంకొకడు ఉంటాడు, కంపానియన్ అంటారు. స్నానాల గది తప్పిస్తే ఎప్పుడూ ఒకరి కంటికి, చెవికి ఒకరు అందే దూరంలో ఉండాలన్నది నియమం. ఆ రెండోవాణ్ణి వీడు ఎంచుకోడు. ఆ ప్రాంతంలో ప్రచారానికి పెద్దగా ఉండే మిషన్ ప్రెసిడెంట్ జత కలుపుతాడు, ఆరేసి వారాలకు ఒకసారి బదిలీలు వస్తాయి, ఈ జత ఉండొచ్చు, మారొచ్చు. గురక పెట్టేవాడు, పాటలు పాడేవాడు, అస్సలు మాట్లాడనివాడు, జపాన్ వాడే అయ్యుండి వీడి ఇంగ్లీషు అర్థం కానివాడు, ఎవడొస్తే వాడితో ఒకే గదిలో పడుకుని, ఒకే స్టవ్ మీద వండుకుని, రోజూ పొద్దున్నా రాత్రీ మోకాళ్ళ మీద కూర్చుని కలిసి ప్రార్థన చెయ్యాలి. నిన్న సాయంత్రం ఎవడి మీద చిరాకు పడ్డావో వాడి పక్కనే. ఈ ఒక్క విషయం తెలిసుంటే నీకు ఆ నదీ, ఆ ఏకాంతమూ అక్కరలేకపోయేవి.

ఇదంతా నాకెలా తెలుసంటే, మా అమ్మాయి అమెరికాలో, మోర్మన్లు ఎక్కువగా ఉండే సాల్ట్ లేక్ సిటీకి దక్షిణాన ఒక చిన్న ఊళ్ళో ఉండేది, 2015లో, 2016లో రెండు విడతలు అక్కడ గడిపాను. పక్కింటి అబ్బాయికి మిషన్ కాల్, అంటే ప్రచారానికి ఎక్కడికెళ్ళాలో చెప్పే పిలుపు, వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. అప్పట్లో పెద్ద తెల్ల కవరు పోస్టులో వచ్చేది, ఇప్పుడు ఆన్‌లైన్‌లో వస్తుందట. ఏ దేశం పంపుతారో కుర్రాడికి ముందు తెలియదు, కోరుకునే వీలూ లేదు. చుట్టాలు, స్నేహితులు ముప్ఫై మంది హాల్లో కూర్చుని ఊహలు కడుతుంటే వాడు కవరు చింపి చదివాడు: జపాన్, సప్పోరో మిషన్. వాళ్ళమ్మ ముందు చప్పట్లు కొట్టింది, తర్వాత వంటింట్లోకి వెళ్ళి సింక్ ముందు అటు తిరిగి నిలబడింది. నేను గ్లాసు కడగడానికన్నట్టు వెళ్ళి పక్కన నిలబడ్డాను. నీ ఉత్తరం మీద సప్పోరో అన్న పేరు చూడగానే నాకు ఆవిడ వీపే గుర్తొచ్చింది.

నువ్వు చూడని సగం అదే. నీకు ఆ కుర్రాడు స్టేషన్ దగ్గర మొదలవుతాడు. మా పక్కింటి అబ్బాయి అంతకుముందే రెండు వేసవులు పచ్చిక కోసే పని చేసి డబ్బు దాచుకున్నాడు, ఎందుకంటే మిషన్ ఖర్చు వాడూ వాడి కుటుంబమే పెట్టుకుంటారు. అప్పుడు నెలకు 400 డాలర్లు, 2020 జూలై నుంచి 500. మన పాఠకులు చర్చి జీతం ఇచ్చి పంపిస్తుందనే అనుకుంటారు, కాబట్టి ఈ సంగతి కథలో ఎక్కడో ఒకచోట పడాలి. సమాచారంగా వద్దు. చిరిగిన బూటు కొనుక్కోవాలా, ఇంకో నెల లాగాలా అని వాడు ఆలోచిస్తున్నప్పుడు పడనీ.

ఇంకో చిక్కు ఉంది. తెలుగులో మిషనరీ అనగానే మనకు కళ్ళ ముందు ఆడేది నెల్లూరు, ఒంగోలు, గుంటూరుల్లో బళ్ళూ ఆస్పత్రులూ కట్టి, తెలుగు నేర్చి, ఇక్కడే ముసలివాళ్ళయిన దొరలూ దొరసానులూ. నీ కథలో ఉన్నది పద్దెనిమిదో పందొమ్మిదో నిండిన పిల్లవాడు. అబ్బాయిలకు రెండేళ్ళు, అమ్మాయిలకు ఏడాదిన్నర, తర్వాత ఇంటికెళ్ళి కాలేజీలో చేరతారు. అయినా వాణ్ణి ఎల్డర్ అంటారు. మన చర్చిల్లో సంఘ పెద్ద అంటే నెరిసిన తల, మడత నలగని పంచె. ఇక్కడ గడ్డం సరిగ్గా రానివాణ్ణి పెద్ద అని పిలుస్తున్నారు. జపాన్‌లో చోరో అంటారు, అదీ పెద్ద అనే. రెండేళ్ళపాటు ఇంటిపేరు పక్కన ఆ మాటే, కంపానియన్ కూడా పేరు పెట్టి పిలవడు. 2016 మేలో మదర్స్ డే నాడు పక్కింటి అబ్బాయిని వాళ్ళమ్మ స్కైప్‌లో చిన్నప్పటి ముద్దుపేరుతో పిలిచింది. వాడు ఒక్క క్షణం జవాబివ్వలేదు, పిలుపు తనకేనని తెలియనట్టు. ఆ రోజుల్లో ఇంటికి మాట్లాడటం ఏడాదికి రెండేసార్లు, క్రిస్మస్‌కీ మదర్స్ డేకీ. 2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి మాట్లాడనిస్తున్నారు. నువ్వు ఇప్పటి కథ రాస్తున్నావు కాబట్టి, మీ వాడు నెలల తరబడి అమ్మ గొంతు వినలేదని రాయకు.

రోజు ఎలా గడుస్తుందో చెప్తాను. దేశాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఆరున్నరకి లేవడం, వ్యాయామం, టిఫిన్, ఎవరికి వాళ్ళు గ్రంథ పఠనం, తర్వాత ఇద్దరూ కలిసి చదవడం, భాష నేర్చుకోవడం, మధ్యాహ్నం కాకముందే బయటికి. రాత్రి తొమ్మిదింటికల్లా గదికి, రేపటి ప్లాను, నిద్ర. సోమవారం మాత్రం సెలవులాంటిది, పీ-డే అంటారు, బట్టలుతుక్కోవడం, సరుకులు, ఇంటికి మెయిల్. ఇదంతా నువ్వు కథలో దింపావనుకో, గోడకి తగిలించిన టైంటేబుల్ అవుతుంది. ఏదో ఒక్క గంట తీసుకో. నేనైతే సాయంత్రం నాలుగు నుంచి అయిదు తీసుకుంటాను. సప్పోరో ఉన్న హొక్కైదో దీవిలో చలికాలం ఆ వేళకే చీకటి పడుతుంది, సైకిళ్ళు మూలన పడి ఉంటాయి, నడకే. ఒక అపార్ట్‌మెంట్ కింద నిలబడి బెల్లు నొక్కడం, ఇంటర్‌కామ్‌లోంచి మర్యాదగా 'వద్దండీ' అని వినబడటం, పక్క బెల్లు నొక్కడం. తిట్టరు, తలుపు మొహాన వెయ్యరు. ఆ మర్యాదలో తలుపు ఎంత గట్టిగా మూసుకుంటుందో చూడు. అక్కడ ఆగి రాయి, తొందరపడకు.

భాష సంగతి. మీ వాడి జపాన్ భాషను తెలుగులో పెట్టడానికి 'నేను... నువ్వు... దేవుడు... మంచి' అని ముక్కలు చేశావు. వద్దు. వాళ్ళు వచ్చీరాని భాష మాట్లాడతారు కానీ అలా కాదు. యూటాలోని ప్రోవోలో ట్రైనింగ్ సెంటర్ ఉంది, అక్కడ ముందు ప్రార్థన ఎలా చెయ్యాలో, సాక్ష్యం ఎలా చెప్పాలో నేర్పుతారు, బజారు మాటలు తర్వాత. అందుకే పక్కింటి అబ్బాయికి ప్రాయశ్చిత్తం అన్న మాట వచ్చు, పునరుత్థానం వచ్చు. సైకిల్ షాపతనికి గొలుసు ఊడిపోతోందని చెప్పడం రాక చేతుల్తో చూపించాడట. తెలుగులో ఆ కుర్రాడి చేత బైబిలు తెలుగు మాట్లాడించి చూడు. మహా గ్రాంథికంగా, వ్యాకరణం తప్పకుండా, మధ్యలో కూరగాయ పేరు తెలియక ఆగిపోతూ. అలాగే సాక్ష్యం చెప్పడం, బాప్తిస్మం, ఉపవాస ప్రార్థన, ఈ మాటలన్నీ మన చర్చిల్లో ఎప్పటినుంచో ఉన్నాయి, వాటికి కొత్త అనువాదాలు చెయ్యాలని కష్టపడకు. ఆ చర్చికి తెలుగులో కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘము అని పేరుంది. మోర్మన్ అన్న మాట వాడొద్దని 2018లో వాళ్ళ అప్పటి ప్రెసిడెంట్ రస్సెల్ నెల్సన్ కోరారు. కథ చెప్పే నువ్వు వాడుకోవచ్చు, నేనూ వాడుతున్నాను, కానీ మీ వాడి నోట మాత్రం రానివ్వకు.

మీ వాడు నీతో కూర్చుని గ్రీన్ టీ తాగినట్టు రాశావు. స్నేహం చూపించడానికే రాశావని తెలుసు. టీ, కాఫీ, మద్యం, పొగాకు వాళ్ళు ముట్టరు. 1833 నాటి నియమం అది, గ్రీన్ టీ కూడా టీయేనని 2019లో మళ్ళీ స్పష్టంగా చెప్పారు. జపాన్‌లో ఇంటికొచ్చినవాడికి టీ ఇవ్వడమే మర్యాద. నెలల తర్వాత ఒక తలుపు తెరుచుకుంటే మొదట వచ్చేది ఆ కప్పే, వాడు మొదట చెప్పాల్సింది వద్దనే. నీకు దొరికిన బంగారం లాంటి సన్నివేశం ఇది, దాన్ని పొరపాటుగా తాగించేశావు.

ఇక విశ్వాసం. ఇక్కడే నీకు చేతులు వణికాయి, అందుకే కుర్రాడి చేత పేజీన్నర ఉపన్యాసం చెప్పించావు. నువ్వు ఆ మతం వాడివి కాదు, నేనూ కాదు, కాబట్టి భయం సహజం. నేనైతే ఇలా చూస్తాను. మిషనరీలు ప్రతి కొత్త మనిషికీ ఒక కథ చెప్తారు: 1820లో న్యూయార్క్ రాష్ట్రంలో పధ్నాలుగేళ్ళ జోసెఫ్ స్మిత్, తర్వాత ఈ చర్చిని స్థాపించినవాడు, ఏ చర్చి సరైనదో తేల్చుకోలేక అడవిలోకి వెళ్ళి మోకాళ్ళ మీద అడిగాడు, దేవుడు కనిపించి జవాబిచ్చాడు. ఆ దర్శనాన్ని స్మిత్ మాటల్లోనే జపాన్ భాషలో కంఠతా పట్టి చెప్తారు. చెప్పేవాడు కూడా దాదాపు పిల్లవాడే. మొదటిసారి చెప్పినప్పుడు ఉచ్చారణ తప్పుతుందేమోనని టెన్షన్. యాభయ్యోసారి నోరు దానంతటదే తిరుగుతుంది, మనసు రాత్రి వంట మీద ఉంటుంది. నూటయాభయ్యోసారి ఒక ముసలాయన మధ్యలో ఆపి, 'మరి నువ్వెప్పుడైనా అలా అడిగావా?' అంటే? వాడేం చెప్తాడు? నీ కథ మొత్తానికి నాకు కావలసిన జవాబు అదొక్కటే. అది ఏదైనా కానీ, వాడిదై ఉండాలి. అడిగాననీ, గొంతు ఏమీ వినబడలేదు కానీ గుండెలో ఏదో కుదుటపడిందనీ పక్కింటి అబ్బాయి వాళ్ళమ్మకి రాశాడు. ఆవిడ ఆ మెయిల్ ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించింది. నేను పాలు తీసుకోవడానికి వెళ్ళినప్పుడల్లా చదివేదాన్ని. నమ్మానా అంటే, వాడు అబద్ధం చెప్పట్లేదని నమ్మాను. రాయడానికి నాకు అంత చాలు, నీకూ చాలనుకుంటాను.

ఫలితం లేని పని ఎలా చేస్తారని నీ కథలో నువ్వే అడిగావు. జపాన్‌లో ఈ పని 1901 ఆగస్టులో యోకొహామా రేవులో మొదలైంది. దిగిన నలుగురిలో ఆల్మా టేలర్ అనే కుర్రాడికి పందొమ్మిదేళ్ళు, జపాన్ భాష ఒక్క ముక్క రాదు. ఎనిమిదేళ్ళకు పైగా ఉండిపోయాడు, వాళ్ళ పవిత్ర పుస్తకమైన మోర్మన్ గ్రంథాన్ని జపాన్ భాషలోకి అనువదించాడు, 1909లో అచ్చయింది. 1924లో ఆ మిషన్ మూసేశారు. ఇరవై మూడేళ్ళలో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు రెండు వందల మంది కూడా లేరు. మళ్ళీ 1948లో తెరిచారు. నువ్వుండే సప్పోరోలో 2016 ఆగస్టులో దేవాలయం ప్రతిష్ఠ జరిగింది, పక్కింటి అబ్బాయి అప్పుడక్కడే ఉన్నాడు. కానీ ఆ వారం వాడు మెయిల్లో ఎక్కువగా రాసింది దాని గురించి కాదు. వెనకటి చలికాలం తాము మంచు తవ్వి దారి చేసిన ఇంటావిడ దారిలో కనబడి వంగి నమస్కారం పెట్టిందని రాశాడు. ఆవిడ ఒక్క రోజూ వాళ్ళ బోధ వినలేదు. తవ్వినందుకు కమలాపళ్ళు ఇచ్చేది, అంతే.

అందుకే నీ ముగింపు నాకు నచ్చలేదు. నేమ్‌ట్యాగ్ పీకి మంచులో విసిరెయ్యడం చదివేవాళ్ళు ఊహించేదే. మధ్యలో తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు ఉంటారు, ఇంటికి చేరాక ఆ ఊళ్ళో వాళ్ళు మోసే బరువు చాలా పెద్దది, అది వేరే కథ, ఆఖరి పేరాలో ఇరికించేది కాదు. బహుభార్యాత్వం ప్రస్తావన కూడా తీసెయ్, 1890లోనే చర్చి దానికి స్వస్తి చెబుతున్నట్టు ప్రకటించింది, నీ కుర్రాడికి దాంతో పనిలేదు. వాళ్ళు పవిత్రంగా చూసుకునే లోదుస్తుల మీద రాసిన ఆ వాక్యం చూసి నాకు బాధేసింది. మనింట్లో జంధ్యం మీదో తాళి మీదో ఎవరైనా అలా రాస్తే ఎలా ఉంటుంది?

ఇది ఎక్కడో అమెరికా వాళ్ళ గొడవ, తెలుగువాళ్ళకెందుకని ఎవరో అన్నారని రాశావు. 1978 డిసెంబర్‌లో ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు సమోవా నుంచి హైదరాబాద్ వచ్చారు. సమోవాలో ఉండగా ఆ చర్చిలో చేరి, మా వాళ్ళకి చెప్పుకుంటాం పంపండని తామే అడిగారు. ఆ రాకలో బంధువులు ఇరవై రెండు మంది బాప్తిస్మం తీసుకున్నారు. 2012లో భారతదేశంలో మొట్టమొదటి స్టేక్, అంటే కొన్ని సంఘాల కూటమి, ఏర్పడింది హైదరాబాద్‌లోనే. పసిఫిక్ దీవి నుంచి సొంతూరికి ఆ మాట మోసుకెళ్ళిన తెలుగువాళ్ళున్నారు. అడిగినవాళ్ళకి ఇది చెప్పు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఒకటే. వాళ్ళు ఊరికే ఇంగ్లీషు క్లాసు చెప్తారన్నావు కదా, ఆ కుర్రాడు ఇంకా సప్పోరోలోనే ఉంటే వెళ్ళి కలువు, కథ రాస్తున్నానని దాచకుండా చెప్పు. ఆ రోజు స్టేషన్ దగ్గర వాడి పక్కన రెండోవాడు కచ్చితంగా ఉండే ఉంటాడు. నీతో మాట్లాడుతున్నంతసేపూ వాడేం చేశాడు, ఎటు చూశాడు, గుర్తు తెచ్చుకో, రాకపోతే వాణ్ణే అడుగు. సోమవారం మధ్యాహ్నమైతే ఇద్దరూ తీరిగ్గా దొరుకుతారు. వెళ్ళేటప్పుడు బార్లీ టీ సీసాలు మూడు కొనుక్కెళ్ళు, అది తాగుతారు.

ప్రేమతో,
అక్క