గుర్రాల దగ్గరికి పంపితే భయం పోతుందా?

ప్రశ్న: మేడమ్, మాది చిత్తూరు. ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. హోసూరు రోడ్డు మీద యాక్సిడెంట్ అయ్యాక మా తమ్ముడు హారన్ వినపడితే చాలు వణికిపోతున్నాడు, రాత్రిళ్లు నిద్ర లేదు. గుర్రాల ఫారానికి పంపమని ఎవరో చెప్పారు. నిజంగా ఉపయోగముంటుందా?

జవాబు: ఉండొచ్చమ్మా, కానీ వైద్యానికి బదులుగా కాదు. ముందు మీ బెంగళూరులోనే ఉన్న మానసిక వైద్య ఆసుపత్రి నిమ్హాన్స్‌లో చూపించండి. ఈఎండీఆర్ (చేదు సంఘటనను తలుచుకుంటూ కళ్లు అటూ ఇటూ కదిలించే చికిత్స), ట్రామా కోసం, అంటే మనసుకు తగిలిన దెబ్బ కోసం చేసే సీబీటీ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మాటల చికిత్స) లాంటి వాటికి ఆధారాలు గట్టిగా ఉన్నాయి. గుర్రాలతో చేసే చికిత్స మీద జరిగిన పరిశోధనలు ఇంకా చిన్నవే. వెళ్లడం కుదరకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇక గుర్రం సంగతి. పులులూ తోడేళ్లూ వేటాడే జాతి కాబట్టి అది ఎప్పుడూ అప్రమత్తంగానే ఉంటుంది. మనిషి బిగుసుకుపోయి వస్తే తల పైకెత్తి పక్కకు జరుగుతుంది. భుజాలు వదులు చేసి, ఊపిరి మెల్లగా వదిలితే నిలబడుతుంది. "టెన్షన్ పడకురా" అని మనం ఎంత మొత్తుకున్నా ఎక్కని విషయం అక్కడ ఒంటికి తెలుస్తుంది. స్వారీ అక్కర్లేదు. మెడ నుంచి వెనక్కి బ్రష్ చేయడం, గిట్టల్లో మట్టి తీయడం చాలు. సరిగ్గా వెనక నిలబడితే దానికి కనపడదు, మాట్లాడుతూ భుజం వైపు నుంచే వెళ్లాలి.

స్వారీ నేర్పే క్లబ్ వేరు, చికిత్స వేరు. సైకాలజిస్టు పక్కనే ఉంటారా అని ముందే అడగండి. టీటీ ఇంజెక్షన్ మాత్రం మర్చిపోవద్దు, లాయంలో ధనుర్వాతం భయం ఉంటుంది.