ఆడలేక గ్రౌండ్ ఓడు అంటారా?

ఈసారి ఉత్తరాల్లో ఫుట్‌బాల్ గ్రౌండ్ల గోలే ఎక్కువ. గుంతలు, బురద, టర్ఫ్ అనే ప్లాస్టిక్ గడ్డి, గ్యాలరీ, అన్నీ వచ్చాయి. వచ్చినవాటిలో ఐదింటికి జవాబులు ఇక్కడ ఇస్తున్నాను.

ప్రశ్న: సార్, నేను కాలేజీ టీమ్‌లో మిడ్‌ఫీల్డ్ ఆడతాను. మా గ్రౌండ్‌లో కళ్లు మూసుకుని పాస్ ఇస్తాను. బయట టోర్నమెంట్‌కి వెళ్లి గుంతల గ్రౌండ్ చూడగానే టెన్షన్ మొదలవుతుంది, రెండు పాసులు తప్పాయంటే ఇక ఆ రోజు అయిపోయినట్టే. కోచ్‌కి చెబితే ‘ఆడలేక మద్దెల ఓడు’ అని నవ్వుతున్నారు. లోపం నా మనసులోనే ఉందా? – ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: మీ కోచ్ గారి సామెత సగమే కరెక్టు తమ్ముడూ. మద్దెల నిజంగానే ఓడు అయిన రోజులూ ఉంటాయి.

మంచి గ్రౌండ్‌లో బంతి నీ వైపు వస్తున్నప్పుడు నువ్వు దాన్ని చూసీ చూడనట్టు ఉంటావు. తల పైకెత్తి మనవాడు ఎక్కడున్నాడు, ఎదుటివాడు ఎటు నుంచి వస్తున్నాడు అని చూసుకుంటావు, ఎందుకంటే బంతి తిన్నగా కాలి దగ్గరికే వస్తుందని నీకు తెలుసు. గుంతల గ్రౌండ్‌లో ఆ భరోసా ఉండదు. చివరి క్షణంలో ఎగిరి మోకాలికి తగులుతుందేమోనని కళ్లు కిందికి దిగుతాయి, కాలు బిగుసుకుంటుంది, బంతిని ఆపి తల ఎత్తేసరికి ఎదుటివాడు మీదికొచ్చేసి ఉంటాడు. ఇందులో గుంత చేసిన చెడుపు కొంతే, గుంత ఉందన్న అనుమానం చేసినదే ఎక్కువ అని నా అభిప్రాయం.

దీనికి దగ్గరగా ఒక ప్రయోగం ఉంది, గ్రౌండ్ గురించి కాదు గానీ పనికొస్తుంది. 2002లో అమెరికాలో సయాన్ బైలాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి ఫుట్‌బాల్ ఆడేవాళ్లని కోన్‌ల మధ్య నుంచి బంతి తీసుకెళ్లమన్నారు. ఒకసారి వినిపించే మాటల్లో ఫలానా మాట వస్తే చెప్పమన్నారు, ఇంకోసారి బంతికి పాదం ఏ వైపు తగులుతోందో గమనిస్తూ వెళ్లమన్నారు. ఆటలో ఆరితేరినవాళ్లు తమ వాటపు కాలితో ఆడేటప్పుడు, మాటలు వింటూ కూడా చకచకా వెళ్లిపోయారు, పాదం మీద ధ్యాస పెట్టేసరికి నెమ్మదించారు. కొత్తవాళ్ల విషయంలో ఇది తిరగబడింది. పాడు గ్రౌండ్ చేసే పని కూడా ఇదే అనుకుంటాను, ఆట వచ్చినవాడి ధ్యాసని లాగి పాదం మీద పెడుతుంది.

పెద్దవాళ్లకీ తప్పలేదు. 2010 ఏప్రిల్‌లో లండన్ వెంబ్లీ స్టేడియంలో ఇంగ్లండ్ క్లబ్బుల ఎఫ్ఏ కప్ సెమీఫైనల్, టోటెన్‌హామ్‌కీ పోర్ట్స్‌మౌత్‌కీ. ఎక్స్‌ట్రా టైమ్‌లో టోటెన్‌హామ్ డిఫెండర్ మైకేల్ డాసన్ కాలు సర్రున జారింది, బంతి పోర్ట్స్‌మౌత్ ఆటగాడు పికియోన్‌కి దొరికింది, గోల్. మ్యాచ్ 2-0తో పోయింది, మేనేజర్ హ్యారీ రెడ్‌నాప్ ఆ గడ్డిని దుమ్మెత్తి పోశాడు. 2007లో తెరిచిన స్టేడియం అది, అప్పటికే అక్కడ గడ్డిని పదేపదే మార్చారు కూడా. అయితే అప్పుల్లో మునిగిపోయి లీగ్‌లో అట్టడుగున ఉన్న పోర్ట్స్‌మౌత్ ఆడింది కూడా ఆ గడ్డి మీదే. ఈ ముక్క మీ కోచ్ గారి లెక్కలో వేసుకో.

నువ్వు చేయాల్సింది, మ్యాచ్‌కి గంట ముందే వెళ్లి గ్రౌండంతా నడవడం. గోల్ ముందు భాగం, మధ్య సర్కిల్, ఈ రెండు చోట్లా నేల ఎక్కువ అరిగిపోయి ఉంటుంది. బంతి దొర్లించి చూడు, ఎక్కడ ఎగురుతోందో, ఎక్కడ ఆగిపోతోందో. తడిగా ఉంటే ఏ స్టడ్స్ (బూటు అడుగున ఉండే బుడిపెలు) పట్టు ఇస్తున్నాయో అక్కడే పరిగెత్తి చూసుకో. ఫలానా చోట నేల పాస్ ఇవ్వను, పైనుంచే కొడతాను అని ముందే తేల్చేసుకుంటే ఆటలో ఆలోచించాల్సింది తగ్గుతుంది. మొదటి పది నిమిషాలు గొప్పలకి పోకు, దగ్గరి పాసులే ఇవ్వు.

ప్రశ్న: మేం ఫ్రెండ్స్ అందరం వారాంతాల్లో టర్ఫ్ బుక్ చేసుకుని ఆడతాం. గడ్డి మీద కన్నా టర్ఫ్ మీద తొందరగా అలిసిపోతున్నామనిపిస్తోంది. ఇది నిజమా, భ్రమా? – ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీకే కాదు, ప్రొఫెషనల్ ఆటగాళ్లకీ అలాగే అనిపించింది. 2008లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఆండర్సన్, ఎక్‌బ్లోమ్, క్రుస్ట్రప్ అనే ముగ్గురు టర్ఫ్ మీదా గడ్డి మీదా ఆడిన ఆటని కొలిచారు. పరుగెత్తిన దూరంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. కానీ అడిగితే మగ ఆటగాళ్లు టర్ఫ్ మీద ఎక్కువ కష్టపడాల్సి వచ్చిందన్నారు, బంతి అదుపులో ఉండటం లేదన్నారు.  ఇంకో సంగతి, టర్ఫ్ మీద స్లైడింగ్ ట్యాకిల్స్ (నేల మీద జారుతూ వెళ్లి బంతి లాక్కోవడం) తగ్గాయి, చిన్న పాసులు పెరిగాయి. తొడ చర్మం గీరుకుపోతుందని ఒంటికి ముందే తెలిస్తే ఎవడు మాత్రం జారతాడు?

అలాగని అంతా భ్రమ అని కొట్టిపారేయకండి. 2015 మహిళల వరల్డ్ కప్ కెనడాలో మొత్తం కృత్రిమ టర్ఫ్ మీదే పెడితే, అమెరికా జట్టు యాబీ వాంబాక్ లాంటి క్రీడాకారిణులు 2014లో ఒంటారియో మానవ హక్కుల ట్రిబ్యునల్‌కి వెళ్లారు. మగాళ్ల వరల్డ్ కప్‌కి గడ్డి, మాకు ప్లాస్టిక్కా అన్నది వాళ్ల కోపం. తర్వాత కేసు వెనక్కి తీసుకున్నారు, టోర్నీ టర్ఫ్ మీదే జరిగింది. మన విలువ ఇంతేనన్నమాట అని కాళ్ల కింద నేలే చెబుతుంటే అది మనసుకి తగలకుండా ఉంటుందా?

మీ విషయంలో మాత్రం ముందు బూట్లు చూసుకోండి. పొడుగు స్టడ్స్ వేసుకుని టర్ఫ్ మీద దిగితే మోకాలికి మంచిది కాదు.

ప్రశ్న: గ్రౌండ్ ఎలా ఉన్నా రెండు జట్లకీ అదే కదా, ఇక ఫిర్యాదు ఎందుకు? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: నేల ఒకటే, అవసరాలు ఒకటి కావు. 1974 జులై 3న ఫ్రాంక్‌ఫర్ట్‌లో పశ్చిమ జర్మనీకీ పోలండ్‌కీ మ్యాచ్, గెలిస్తే వరల్డ్ కప్ ఫైనల్. వాన దంచి కొట్టింది, ఫైరింజన్ల వాళ్లొచ్చి నీళ్లు తోడిపోశారు, అయినా గ్రౌండ్ చెరువే. పోలండ్ బలమంతా లాటో లాంటివాళ్ల పరుగులో ఉంది, ఆ పరుగు నీళ్లలో ఆగిపోయింది. పైగా జర్మనీకి డ్రా అయినా సరిపోతుంది. ఏదో ఒకటి చేసి తీరాల్సినవాడికీ, ఊరికే నిలబడితే చాలు అనుకునేవాడికీ ఆ బురద ఒకేలా కనిపించదు కదండీ. చివరికి మ్యూలర్ గోల్‌తో జర్మనీ 1-0తో గెలిచింది.

సొంత గ్రౌండ్ అలవాటు సంగతి కూడా చూడండి. 1981లో ఇంగ్లండ్‌లో క్వీన్స్ పార్క్ రేంజర్స్ ప్లాస్టిక్ పిచ్ వేసింది, ఆ తర్వాత మరో మూడు క్లబ్బులు వేశాయి. ఇలాంటి పిచ్‌లున్న జట్లకి సొంతగడ్డ మీద అదనపు లాభం ఉందని తర్వాత గణాంకాలు తీసినవాళ్లు తేల్చారు. వచ్చినవాడికి బంతి ఎంత ఎగురుతుందో అర్థమయ్యేసరికి హాఫ్‌టైమ్.

ప్రశ్న: హైదరాబాద్ ఎఫ్‌సీ ఆడిన రోజుల్లో గచ్చిబౌలికి వెళ్లేవాణ్ణి. టీమ్ మీద ప్రాణం పెట్టేవాణ్ణి గానీ గ్యాలరీలో కూర్చుంటే టీవీలో వచ్చినంత ఊపు కూడా వచ్చేది కాదు. ఎందుకంటారు? – ఒక అభిమాని, కూకట్‌పల్లి

జవాబు: అది అథ్లెటిక్ స్టేడియం అండీ, మీకూ ఆటకీ మధ్య రన్నింగ్ ట్రాక్ అడ్డం. మీ అరుపు ఆటగాడికి చేరదు, అతని ఆయాసం మీకు వినపడదు. ఇటలీలో యువెంటస్ లాంటి క్లబ్బుకే ఇది తప్పలేదు. 1990 వరల్డ్ కప్ కోసం కట్టిన డెల్లె ఆల్పిలో దాదాపు 69 వేల సీట్లు, చుట్టూ ట్రాక్, ఆట ఎక్కడో దూరంగా. 2001-02లో ఒక ఇటాలియన్ కప్ మ్యాచ్‌కి వచ్చింది 237 మంది! చివరికి దాన్ని పడగొట్టి అదే చోట 41 వేల సీట్లతో, ట్రాక్ లేకుండా, 2011లో కొత్తది తెరిచారు. సీట్లు తగ్గాయి, హోరు పెరిగింది.

ఈ దూరంతో ఇంకో చిక్కుంది. గ్యాలరీ నుంచి చూసేవాడికి బంతి గుంతలో పడి ఎగరడం కనపడదు, పాస్ తప్పడం మాత్రం కనపడుతుంది. ఆటగాడు ‘వీడికి శ్రద్ధ లేదు’ అని తిట్లు అందుకుంటాడు. ఒకరు మొదలెడితే చాలు, పక్కనున్న నలుగురూ కలుస్తారు.

విచిత్రం ఏంటంటే బురదని మాత్రం జనం ప్రేమగానే గుర్తుపెట్టుకుంటారు. 1977 ఏప్రిల్ 30న డార్బీ కౌంటీ గ్రౌండ్‌లో, మాంచెస్టర్ సిటీతో మ్యాచ్‌లో, పెనాల్టీ ఇచ్చారు గానీ పెనాల్టీ స్పాట్ బురదలో ఎక్కడుందో దొరకలేదు. గ్రౌండ్స్‌మన్ టేపు, తెల్ల పెయింట్ పట్టుకుని వచ్చి, కొలిచి, చుక్క పెట్టి వెళ్లాడు. జెర్రీ డేలీ గోల్ కొట్టాడు, డార్బీ 4-0తో గెలిచింది. లీగ్ టైటిల్ పోరులో ఉన్న సిటీ ఆ ఏడు ఒక్క పాయింట్ తేడాతో రెండో స్థానంలో ఆగిపోయింది, వాళ్లకి ఆ బురద ఎలా గుర్తుంటుందో నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: మా బాబుకి పదేళ్లు. స్కూల్ గ్రౌండ్ అంతా కంకర రాళ్లే. మోకాలు చీరుకుపోయి కుట్లు పడ్డాక ఆటంటేనే భయపడుతున్నాడు. వాళ్ల నాన్న ‘మగపిల్లాడివి, భయమేంటి’ అని కేకలేస్తున్నారు. – ఒక తల్లి, పలాస

జవాబు: అమ్మా, రాళ్లున్న చోట పడితే దెబ్బ తగులుతుందని వాడికి అర్థమైంది, అది తెలివే. నాన్నగారిని కేకలు ఆపమనండి. భయపడ్డ పిల్లాడు కాళ్లు బిగబట్టుకుని పరిగెడతాడు, అలా పరిగెత్తేవాడే మళ్లీ పడతాడు. ముందు ఇసుకలోనో, మెత్తటి మట్టి ఉన్న చోటనో నలుగురు పిల్లలతో చిన్న ఆట ఆడనివ్వండి, మోకాలికి ప్యాడ్ కట్టండి. స్కూల్‌కి వెళ్లి పీఈటీ మాస్టారితో మాట్లాడండి. ఆటకి ముందు పిల్లలంతా వరసగా నిలబడి ఈ గోల్ నుంచి ఆ గోల్ దాకా రాళ్లేరుకుంటూ వెళ్లడం అలవాటు చేస్తే పావుగంట పని. మీ వాణ్ణి ఆ పనికి లీడర్‌గా పెట్టమని అడగండి. ఎక్కడ శుభ్రంగా ఉందో తన కళ్లతో చూసుకున్నాక ఆ మేరకి పరిగెత్తుతాడు. మొదట్లో సగం గ్రౌండ్‌లోనే ఆడతానంటే ఆడనివ్వండి.