వైకల్యం ఉందని మామూలు బడి సీటు ఇవ్వనంటే చెల్లుతుందా?

చెల్లదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రైవేటు బడికైనా ఇదే నియమం. దివ్యాంగుల హక్కుల చట్టం (2016) 16వ సెక్షన్ ప్రకారం వివక్ష లేకుండా చేర్చుకోవడమే కాదు, బిడ్డ అవసరానికి తగ్గ ఏర్పాట్లు చేయడమూ బడి బాధ్యతే. ‘మా దగ్గర వసతుల్లేవు’ అనేది ఎక్కువసార్లు వట్టి సాకు. ఉదాహరణకు ఐదో తరగతి మేడ మీద ఉంది, చేరే పాప వీల్‌చైర్ వాడుతుంది. అప్పుడు తరగతిని కింది గదికి మార్చాలి గానీ పాపను వద్దనకూడదు.

వైకల్యం ఎంత శాతమో తెలిపే సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం ఉంటేనే ఈ హక్కు అని చాలామంది అనుకుంటారు. ఆ లెక్క ఈ చట్టం కింద 18 ఏళ్ల దాకా ఇచ్చే ఉచిత చదువుకు. వివక్ష చూపకూడదన్న నియమానికి శాతాలతో పనిలేదు. ఆ ఉచిత చదువు దగ్గరలోని బడిలోనా, ప్రత్యేక పాఠశాలలోనా అన్నది కూడా హెడ్మాస్టర్ తేల్చేది కాదు, బిడ్డ తరఫువాళ్ల ఇష్టం.