చెయ్యి విరిగిన నెల జీతం

చి.ల.సౌ. అమ్మణ్ణికి,

నెల్లూరు నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు ఇంటినిండా చుట్టాలు. నాలుగు మాటలు కుదురుగా చెప్పలేకపోయాను, అందుకని రాస్తున్నా. మీ ఇంట్లో పనిచేసే ఆమె నీళ్ళొచ్చే రోజు కొళాయి దగ్గర జారిపడిందనీ, కుడిచెయ్యి మణికట్టు విరిగిందనీ, ఆరు వారాలు పనిలోకి రాలేనందనీ చెప్పావు. రాని రోజులకు జీతం ఇవ్వాలా వద్దా, మా అత్తగారు ఒకటంటున్నారు, మా ఆయన ఇంకొకటంటున్నాడు, నువ్వేమంటావు పెద్దమ్మా అని అడిగావు.

ఇవ్వమంటాను. సగం కాదు, మొత్తం. నెలకు మూడు వేలిస్తున్నావు గదా, ఆ మూడు వేలూ ఎప్పుడిచ్చే తారీఖుకే ఇవ్వు. అయితే ఇవ్వడం ఒక ఎత్తు, ఎట్టా ఇస్తావన్నది ఒక ఎత్తు. ఈ రెండో దాంట్లోనే మంచి మనసున్నవాళ్ళు కూడా తప్పటడుగు వేస్తారు.

ముందు ఒక సంగతి తెలుసుకో. ఆరు వారాలనేది కట్టు విప్పే లెక్క, పనిలోకి వచ్చే లెక్క కాదు. కట్టు విప్పాక చెయ్యి బిగుసుకుపోయి ఉంటుంది. వేళ్ళు ముడవడం, గిన్నె పట్టుకోవడం మెల్లగా వస్తాయి. తడిసిన దుప్పటి పిండాలన్నా, నిండు బక్కెట ఎత్తాలన్నా ఇంకో నెలపైనే పట్టొచ్చు. అంటే నువ్వు ఆరు వారాలకు కాదు, మూడు నెలలకు సిద్ధపడాలి. ఏడో వారంలో ఫోన్ చేసి "ఇంకా రాలేదే" అని మాత్రం అడగబాక. అట్టా అడిగితే నొప్పితోనే వచ్చేస్తారు. అతుక్కున్న చెయ్యి మళ్ళీ చెడుతుంది.

మన వైపు ఎముక విరిగిందంటే చాలామంది పుత్తూరు కట్టుకే పోతారు. ఆమె కూడా పోతానంటే ఎగతాళి చెయ్యబాక, అది తాతల నాటి నమ్మకం. కానీ ముందు మీ ఊళ్ళో పెద్దాసుపత్రి రిమ్స్‌లో ఎక్స్‌రే తీయించుకోమని గట్టిగా చెప్పు. కీలు దగ్గర ఎముక తొలిగి, సరిగ్గా కూర్చోకుండా అతుక్కుంటే పిడికిలి పట్టు పోతుంది. ఆమె జీవనమంతా ఆ పట్టు మీదే ఉంది. కట్టు ఎవరు కట్టినా సరే, వేళ్ళు వాచి నీలంగా మారినా, తిమ్మిరెక్కినా ఆ పూటే ఆస్పత్రికి పోవాలి. ప్లేటు వెయ్యాలంటే మాత్రం జంకాల్సిన పని లేదు. బియ్యం కార్డు ఉంటుంది గదా, మనమంతా ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అని పిలిచే పథకం కింద అవుతుందేమో ఆస్పత్రిలో ఆ పథకం పని చూసేవాళ్ళను అడగమను. వీలైతే నువ్వే పక్కన నిలబడి అడుగు. చదువుకున్న మనిషి పక్కనుంటే అక్కడ జవాబు వేరేగా వస్తుంది. అది న్యాయం కాదు, కానీ వాస్తవం.

ఇక డబ్బు సంగతి. ఆమె నాలుగిళ్ళలో చేస్తుందన్నావు. ఇంటి అద్దె, పిల్ల చదువు, బియ్యం, గ్యాసు, డ్వాక్రా కంతు, ఇవేవీ చెయ్యి విరిగిందని ఆగవు. డ్వాక్రా కంతు సంగతి నీకు తెలియంది కాదు, బ్యాంకులో ఉన్నదానివి. ఒకామె కట్టకపోతే గ్రూపంతటికీ మాటొస్తుంది, అందుకని సాటి ఆడవాళ్ళే గుమ్మంలోకొచ్చి అడుగుతారు. అప్పుడు ఆమె ఏం చేస్తుంది? పది రూపాయల వడ్డీకి తెస్తుంది. మూడు నెలల్లో ఇరవై వేలు తెచ్చిందనుకో, నెలకు రెండు వేలు వడ్డీకే పోతాయి. రేపు చెయ్యి బాగై మీ ఇంటికొచ్చి చాకిరీ చేస్తే, నువ్విచ్చే మూడు వేలల్లో రెండు వేలు వడ్డీవాడివే. అసలు తీరదు. ఒక్క చెయ్యి విరిగినందుకు ఏళ్ళ తరబడి వడ్డీ కట్టే వాళ్ళను నేను మా మూలాపేటలోనే చూస్తున్నాను. అందుకే చెప్తున్నా, అప్పు చెయ్యకముందు చేతిలో పడే మూడు వేలకు ఉన్న విలువ, అప్పు చేశాక ఇచ్చే ఆరు వేలకు ఉండదు. ఆలోచించి ఇద్దాంలే అని పదిహేను రోజులు గడపబాక. ఈ ఆదివారమే పోయి, "నీ జీతం ఎప్పటిలాగే వస్తుంది, నీ పని నీకే ఉంటుంది" అని రెండు మాటలు చెప్పు. ఆమెకు రాత్రిళ్ళు నిద్ర పట్టనిది చెయ్యి నొప్పి వల్ల ఒక్కటే కాదు, ఈలోపు ఇంకొకరిని పెట్టేసుకుంటారేమోనన్న భయం కూడా ఉంటుంది.

అడ్వాన్సు అనే మాట మాత్రం తేబాక. మంచివాళ్ళమనుకునేవాళ్ళు చేసే పనే ఇది. "ఇప్పుడు తీసుకో, వచ్చాక నెలకు ఐదొందలు పట్టుకుంటాంలే" అంటారు. నాలుగిళ్ళవాళ్ళూ అదే మాటంటే నెలకు రెండు వేలు తెగుతాయి. అది కూడా చెయ్యి ఇంకా పూర్తిగా లేవని రోజుల్లో. ఇచ్చేది జీతమైతే జీతమని చెప్పి ఇవ్వు. సంక్రాంతికి ఇచ్చే చీరలో, డబ్బులో దీన్ని కలిపి కోసెయ్యబాక, అది వేరు. మిగిలిన కూరా అన్నం డబ్బాలో పెట్టి పంపి దాన్ని లెక్కలో వేసుకోవడమూ వద్దు. కూర పంపాలనిపిస్తే పంపు, మంచిదే. జీతానికి దానికీ సంబంధం లేదు.

డబ్బు ఆమె చేతికే అందాలి. ఫోన్‌పే ఎవరి నంబరుకని ముందు ఆమెనే అడుగు. మొగుడి నంబరుకు పంపేసి పనైపోయిందనుకోబాక. దూబగుంటలో ఆడవాళ్ళు సారా అంగళ్ళ మీద ఎందుకు పడ్డారో మన జిల్లావాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, కూలి డబ్బులు ఇల్లు చేరక. 1993లో సారా నిషేధం వచ్చింది, ఆ ఊపులోనే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు లక్ష్మి సంఘాలు మన నెల్లూరు జిల్లాలో లేచాయి. ఆ కష్టం నుంచి వచ్చినవాళ్ళకు ఎవరి చేతిలో డబ్బు పడితే ఇంట్లో పొయ్యి వెలుగుతుందో బాగా తెలుసు. కట్టుకట్టిన చేత్తో వచ్చి తీసుకుపొమ్మని మాత్రం అనబాక.

మీ అత్తగారి మాట కొట్టిపారేసేది కాదు. ఒకసారి కూర్చోబెట్టి ఇస్తే అలుసైపోతుంది, రేపు తలనొప్పన్నా నాగా పెడతారు అన్నారు గదా. పెద్దావిడ ఇన్నేళ్ళు ఇల్లు నడిపింది, ఆ భయం ఊరికే రాలేదు. దానికి మందు జీతం కొయ్యడం కాదు, ముందుగా మాట చేసుకోవడం. నెలకు రెండు సెలవులు, అడగక్కర్లేదు. జ్వరానికి, దెబ్బకు, ఆపరేషనుకు కోత లేదు. పెళ్ళిళ్ళకు, తిరునాళ్ళకు ఊరికి పోతే ముందు రోజే చెప్పాలి, రెండు సెలవులు దాటితే కోత ఉంటుంది. ఇట్టా మీ ఇద్దరి మధ్యా తేల్చుకుంటే అలుసన్న మాటకు చోటుండదు. అత్తగారిని కూడా ఆ మాటల్లో కూర్చోబెట్టుకో. ఆమెను పక్కనబెట్టి చేసిన ఏర్పాటు మీ ఇంట్లో నిలవదు.

2021 నవంబరు నీకు గుర్తుండే ఉంటుంది. సోమశిల నుంచి వదిలిన నీళ్ళకు పెన్న పొంగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయి రైళ్ళు నిలిచిపోయాయి. ఆ వరదలో భగత్‌సింగ్ కాలనీ మునిగింది. మా వీధిలో పనిచేసేవాళ్ళు కొందరు అక్కడివాళ్ళే. ఇళ్ళల్లో బురద ఎత్తిపోసుకుంటూ, తడిసిన బియ్యం ఎండబెట్టుకుంటూ రోజుల తరబడి పనికి రాలేదు. ఆ నెల మా వీధిలో కొందరు ఆ రోజులకు కోత పెట్టారు. వరద నీ తప్పు కాదు, కానీ నాదీ కాదు గదా అన్నారొకామె. ఆ మాటకు అప్పుడే జవాబిచ్చాను, నీకూ అదే చెప్తా. మనం కాశీకి పోయి నెల రోజులు ఇల్లు తాళమేస్తే అద్దె ఆపుతామా? మనం లేకపోయినా ఆ ఇల్లు మనదిగా ఉండాలి కాబట్టి కడతాం. ఆమె కూడా మన ఇంటికోసం పొద్దున ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా ఇంకెవరికీ ఒప్పుకోకుండా ఉంచింది. మనం ఊరికి పోయినప్పుడు "మేముండం, ఈ నెల సగమే" అనేవాళ్ళనూ చూశాను. అది మరీ అన్యాయం.

చట్టం సంగతి అడిగావు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు జబ్బు చేస్తే జీతంతో సెలవివ్వాలని మనల్ని కట్టేసే చట్టం లేదు. ఫ్యాక్టరీలవాళ్ళకు ఉండే ఆరోగ్య బీమా ఇ.ఎస్.ఐ. కూడా మన ఇళ్ళకు రాదు. 2020లో రాష్ట్రంలో మొదటి కరోనా కేసు బయటపడింది మన నెల్లూరులోనే. ఆ మార్చి 29న కేంద్రం లాక్‌డౌన్ రోజులకు జీతాలు కొయ్యొద్దని ఉత్తర్వు ఇచ్చింది. అది కూడా పరిశ్రమలకూ దుకాణాలకే, మే నెలలో దాన్నీ తీసేశారు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఇంటిపనివాళ్ళ కోసం చట్టం అవసరమేమో పరిశీలించడానికి నిపుణుల కమిటీ వెయ్యమని కేంద్రానికి చెప్పింది. కాబట్టి ఈ పూటకు మీ వంటింట్లో చట్టం నువ్వు పెట్టిందే. బాబు పుట్టినప్పుడు బ్యాంకువాళ్ళు నీకు ఆరు నెలలు జీతమిచ్చారు. అది దయ అని నువ్వనుకోలేదు, అనుకోనక్కర్లేదు కూడా.

ఈ మూడు నెలలూ పని ఎట్టా జరగాలి? ఇక్కడ నువ్వు గట్టిగా ఉండాలి. ఆమె కూతురు తొమ్మిదో తరగతి అన్నావు. "మా పాప వచ్చి బోకులు తోమి పోతుంది లేమ్మా" అని ఆమే అంటుంది, పని పోతుందన్న భయంతో. ఒప్పుకోబాక. సెలవు రోజులే గదా అని కూడా ఒప్పుకోబాక. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోవడం నేరం, అది 2006 నుంచీ ఉంది. ఆ పాపకు పదిహేనే ఉండొచ్చు, చట్టం సంగతి అట్టా ఉంచు. తల్లి చెయ్యి విరిగినప్పుడు బడి మానిన ఆడపిల్ల తల్లి చెయ్యి బాగయ్యాక తిరిగి బడికి పోవడం అరుదు. నాలుగిళ్ళ పని ఆ పిల్ల చేతికొచ్చి అక్కడే ఉండిపోతుంది. జీతం ఆగదని తెలిస్తే ఆమె పిల్లను పంపదు. మొత్తం జీతం ఇవ్వమని నేను పట్టుబట్టేది సగం దీనికోసమే.

ఆమె తోడికోడలో, పక్కింటామో వస్తానంటే పెట్టుకో. బోకులు తోమడానికి మాత్రమే పెట్టుకుంటే పన్నెండొందలో, పదిహేనొందలో అవుతుంది. ఇన్ని నెలలకేనని మొదటి రోజే చెప్పు, పాతామెకు కూడా ఆమె పేరు చెప్పు. కసువు ఊడ్చడం మీరు పంచుకోండి. బట్టలకు మిషనుంది. బాబు వాడి కంచం వాడు కడుక్కోగలడు, అల్లుడు కూడా.

రెండు జీతాలు మోయలేనివాళ్ళుంటారు, పెన్షను మీద బతికే ముసలివాళ్ళు. వాళ్ళు సగమే ఇవ్వగలమంటే సగం ఎంతో ముందే తేల్చి చెప్పి, ఆ సగం తప్పకుండా ఇస్తే చాలు. నీకు ఆ ఇబ్బంది లేదు.

మిగతా మూడిళ్ళవాళ్ళతో ఒకసారి మాట్లాడు. మీ అపార్టుమెంటులోనే రెండిళ్ళు అన్నావు గదా. అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టబాక, నలుగురి ముందు పెడితే పట్టుదలలొస్తాయి. సాయంత్రం మెట్ల దగ్గర కలిసినప్పుడు "మేం ఈ నెల ఆపడం లేదండీ" అని చెప్పు, అంతే. ఇవ్వాలనున్నా నేనొక్కదాన్నే ఎందుకివ్వాలనుకునేవాళ్ళు ఆ మాటతో కదులుతారు. కదలకపోతే వాదించబాక.

ఆమె తిరిగొచ్చాక నెల రోజులు బక్కెట్లు ఎత్తనివ్వబాక, బట్టలు పిండనివ్వబాక. బల్లలు తుడవడం, కూరలు తరగడం చాలు. మూడు నెలలు దాటినా చెయ్యి పట్టివ్వకపోతే అప్పుడు కూర్చుని మాట్లాడుకోండి. వంటలో సాయానికి మారుస్తావా, లేక లెక్క తేల్చి పంపుతావా అన్నది మీ ఇద్దరూ తేల్చుకోవాలి. పంపాల్సే వస్తే వట్టి చేతులతో పంపబాక. ఉద్యోగాల్లో గ్రాట్యుటీకి ఏడాదికి పదిహేను రోజుల జీతం లెక్కేస్తారు గదా, ఇళ్ళకు అది వర్తించదు గానీ లెక్క మంచిది. ఏడాదికి సగం నెల జీతం చొప్పున వేసుకున్నా, ఆమె మీ ఇంట్లో చేసిన ఆరేళ్ళకు తొమ్మిది వేలు. అది పెట్టి పంపు.

నీ చేతిలో ఉన్న పని ఇంకోటుంది. ఆమె పొదుపు ఖాతాకు సురక్షా బీమా పెట్టించు, ఏడాదికి ఇరవై రూపాయలే. ఎముక విరిగితే అది పనికిరాదు, ఆ మాట ముందే చెప్పు, తర్వాత నిన్ను అడగకుండా. ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా అవిటితనం వచ్చినా రెండు లక్షల దాకా ఉంది. ఇట్టాంటి పనులు చేసుకునేవాళ్ళకు కేంద్రం ఇచ్చే ఈశ్రమ్ కార్డు లేకపోతే అది కూడా తీయించు, డబ్బేమీ అక్కర్లేదు.

ఆదివారం వెళ్ళినప్పుడు ఎక్స్‌రే, ఆస్పత్రి చీటీ ఫోటో తీసి నాకు పంపు. ఇక్కడ మాకు తెలిసిన ఎముకల డాక్టరు ఉన్నారు, సోమవారం చూపించి ఆపరేషను కావాలో అక్కర్లేదో అడిగి చెప్తాను. మీ అత్తగారికి నా నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ